పండుగ మిగులు ఎవరి పాలు?

సమస్య

నా పుట్టినిల్లు చింతామణి. బాగేపల్లిలో ఒక పెద్ద కుటుంబమునకు కోడలినై వచ్చి ఇరువది యేండ్లయినది. శ్రావణములో వరమహాలక్ష్మి వ్రతముతో మొదలైన పండుగలు సంక్రాంతి దాక మా యింట ఆగవు. బెంగళూరు నుండి ఆడబిడ్డలు పిల్లలతో వచ్చెదరు. ఒబ్బట్లు, కజ్జికాయలు, చకిలాలు, నిప్పట్లు అన్నియు నా చేతి మీదుగానే కావలెను. నాకు తీపి మీద అంత ఆశ లేదు. నైవేద్యమగు వరకు ఏమియు తినను. అందరి భోజనములు ముగిసిన పిమ్మట, మిగిలినవి పారవేయుటకు మనసొప్పక, పొయ్యి దగ్గర నిలుచుండియే నోట వేసికొందును. అయినను ఏటేట బరువు పెరుగుచున్నాను. నడుము 80 సెంటీమీటర్లు దాటినదని వైద్యురాలు హెచ్చరించినారు. దీపావళికి మా వారు బరువు చూచు యంత్రము తెచ్చి నడవలో పెట్టగా, మా ఆడబిడ్డ అందరి యెదుట నన్ను దానిపై నిలిపి అంకె పైకి చదివి నవ్వినది. సంక్రాంతి సమీపించుచున్నది. ఏ పథ్యము చేయవలెనో సెలవిండు.

— ఒక గృహిణి, బాగేపల్లి

సలహా

అమ్మా,

మీరడిగినది పథ్యము, నా దృష్టి మాత్రము మీరు పొయ్యి దగ్గర నిలుచుండి తినుటపైననే ఆగిపోయినది. అందుచేత పథ్యమును శీఘ్రముగా ముగించెదను. పిండివంటలను పండుగనాటికే పరిమితము చేయుడు. నడిమి దినములలో రాగిసంగటి, ఆకుకూర పప్పు, ఈ ఋతువున సంతకు వచ్చు అనపకాయల పులుసు చాలును. ఒబ్బట్టు మీద పోయు ఒక పెద్ద చెంచెడు నేయియే 130 కేలరీల దాక ఉండును గనుక అచ్చట చేయి బిగింపుడు. దినమున కొక అరగంట వడిగా నడువుడు. ఆ యంత్రమును నడవలోనుండి తీసి మీ గదిలో పెట్టుడు. ఇంటి కోడలి దేహము చుట్టముల వినోదమునకై వెలసినది కాదని మీ ఆడబిడ్డకు చెప్పవలసిన భారము మీ వారిది.

ఇక అసలు సంగతి. 2000వ సంవత్సరమున ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనలో, 195 మంది పెద్దలు ఆ దేశపు పండుగల కాలమున సగటున పెరిగినది 0.37 కిలోగ్రాము మాత్రమే. కాని పండుగలు గడచిన పిమ్మటను అది దిగిపోలేదు. అల్పముగా వచ్చి స్థిరముగా నిలుచు ఈ వృద్ధియే ఏండ్ల మీద భారమగును. మీ విషయమున ఆ అల్పము ఎచ్చటనుండి వచ్చుచున్నదో మీ జాబే చెప్పుచున్నది. ఉదయము నుండి పస్తుండి, పొగలో నిలిచి, పదిమందికి కొసరి కొసరి వడ్డించి, ఆకలి నకనకలాడు వేళకు విస్తరి యెదుట కూర్చుండు మర్యాదయైనను లేక, పిల్లలు కొరికి విడిచిన కజ్జికాయను, చల్లారిన ఒబ్బట్టును ఎన్ని తింటినో తెలియక తిను ఇల్లాలికి, తృప్తి యెక్కడిది, మితము ఎక్కడిది? అన్నము పారవేయరాదను ధర్మము గొప్పదే. కాని ఆ ధర్మమును నిలుపుటకు ఇల్లాలి కడుపును కుడితి తొట్టి చేయుట ఏ ధర్మము?

మన పెద్దలు దీనిని ఆచారమని సమర్థింతురు. ఆచారమునకు ఆధారముగా చూపు మనుస్మృతిని తెరచి చూడుడు: అతిథులును, ఇంటి సేవకులును భుజించిన తరువాత శేషించినదానిని దంపతులు భుజింపవలెనని మూడవ అధ్యాయమున నున్నది. భార్య యొక్కతెయే అని లేదు. ఆతిథ్య భారము ఇరువురిదనియే శాస్త్రకారుడు తలచినాడు. మనమో భర్తను మొదటి బంతికి జరిపి, భార్యను కడపట నిలిపి, అదియే సంప్రదాయమని తృప్తి పడుచున్నాము. ఎన్ని పిండివంటలు మిగిలిన నంత సంపన్నమని మురియు కుటుంబములు, ఆ మిగులు ఎవరి దేహమున చేరుచున్నదో విచారించినవి కావు. చేరిన పిమ్మట నవ్వుటకు మాత్రము సిద్ధముగా నున్నవి.

కావున ఈ సంక్రాంతికి మీరు ఉదయముననే ఇంత సంగటియో, మజ్జిగయో పుచ్చుకొనుడు, దేవుడు కోపించడు. వండినవి వేడిగా నుండగనే ఇరుగు పొరుగు వారికిని, పనివారికిని పంచుడు. ఎంగిలిని నిస్సంకోచముగా పశువులకు వేయుడు. ఈ జాబును మీ వారిచే చదివించి, వారిని మీతో పాటు కడపటి బంతిలో కూర్చుండ బెట్టుకొనుడు. మిగిలినది తన విస్తరిలోనికిని వచ్చునని యెరిగిన యజమాని, మరుసటి పండుగకు పప్పు కొలుచునప్పుడే తినువారిని లెక్కించును.