పూత రాలుతోందా?

ప్రశ్న: మిరప చేను విరగబూసింది. కానీ పూత సగం నేల పాలవుతోంది. ప్లానోఫిక్స్ మోతాదు పెంచి కొడితే నిలుస్తుందా?
– ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: పెంచకండి. 4.5 లీటర్ల నీటికి 1 మి.లీ. చాలు. ఆ మందు ఆక్సిన్ అనే హార్మోన్‌కు కృత్రిమ రూపం. పూతొడిమ కొమ్మను అంటుకున్న చోట సన్నని కణాల పొర ఒకటి ఉంటుంది. పువ్వులో, పిందెలో ఊరే ఆక్సిన్ దాని గుండా దిగుతున్నంత కాలం తొడిమ ఊడదు. ఆక్సిన్ తగ్గిందంటే మొక్కలోనే పుట్టే ఎథిలీన్ వాయువుది పైచేయి అవుతుంది. అక్కడ ఎంజైములు పుట్టి, కణాలను పట్టి ఉంచే పెక్టిన్ జిగురును కరిగించేస్తాయి. చిన్న గాలికే పువ్వు రాలుతుంది.

మోతాదు మించితే ఆ ఆక్సినే మొక్క చేత ఎథిలీన్ పుట్టిస్తుంది. ఆపిల్ తోటల్లో పిందెలు ఒత్తుగా ఉంటే రాల్చడానికి వాడేదీ ఈ మందే!

అసలు ఆక్సిన్ ఎందుకు తగ్గిందో ముందు చూడాలి. రాత్రి వేడి 24 డిగ్రీలు దాటితే మిరపలో పిందె సరిగా కట్టదు. పిందె కట్టని పువ్వులో ఆక్సిన్ తగ్గిపోతుంది. చేను బెట్టకొచ్చినా, యూరియా ఎక్కువైనా పూత రాలుతుంది. నీరు నిలిస్తే ఊపిరాడని వేళ్లలో తయారైన ముడిసరుకు పైకెక్కి ఎథిలీన్‌గా మారుతుంది. అప్పుడు మందు కన్నా మురుగు కాలువే ముఖ్యం. నాలుగు పూలు కోసి తెల్ల కాగితం మీద దులిపి చూడండి. నల్లని సన్న పురుగులు రాలాయా? అవి 2021 నుంచి మన మిరపను పీడిస్తున్న నల్ల తామర పురుగులు. వాటిని అదుపు చేయకుండా హార్మోన్ కొడితే డబ్బు దండగ. ఇవేవీ లేకుంటేనే, చల్లని పూట, పూత మీద పడేలా కొట్టండి.

ప్రశ్న: పూలజాడీలో పెట్టిన గులాబీల రేకులు మర్నాటికే రాలిపోతున్నాయి. పక్కనే పండ్ల బుట్ట ఉంటుంది. దానివల్లేనా?
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: చాలావరకు దానివల్లే. మాగే మామిడి, అరటి పండ్లు ఎథిలీన్ వదులుతాయి. చాలా గులాబీ రకాల్లో రేకుల మొదట్లోనూ మిరప పూతొడిమ దగ్గర ఉన్నలాంటి పొరే ఉంటుంది; ఎథిలీన్ తగిలితే అది ఊడిపోతుంది. ఆకులనూ ఎథిలీన్ ఇలాగే రాలుస్తుంది. వెనకటికి ఐరోపా నగరాల్లో వీధి దీపాల గ్యాసు కారితే చెట్ల ఆకులు రాలేవి. ఆ గ్యాసులో మొక్కల మీద పనిచేసేది ఎథిలీనేనని 1901లో రష్యా శాస్త్రవేత్త నెల్జుబోవ్ తేల్చాడు. పూలనూ పండ్లనూ వేర్వేరు గదుల్లో పెట్టండి. వాడిన పూలు కూడా ఎథిలీన్ వదులుతాయి కనుక వాటిని వెంటనే తీసేయండి. రోజూ నీరు మార్చండి.