మూడిటికీ ఒకటే పేరా?

చెల్లాయిలూ, మొన్న గాజువాకలో మా ఇంటికి ఒకే వారంలో మూడు పిలుపులొచ్చాయి. ఒకటి చంటిదానికి చెవులు కుట్టడం, ఇంకోటి సీమంతం, మూడోది గృహప్రవేశం. కార్డులు ఫ్రిజ్‌కి తగిలిస్తూ మా అమ్మాయితో, "ఈ వారం మూడు ఫంక్షన్లే" అన్నాను. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా అత్తమ్మ తలెత్తి, "ఏటే, మూడిటికీ ఒకటే పేరా?" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. నిజమే కదా! మనకి ప్రతి వేడుకకీ దాని పేరు దానికుంది. ఆ పేరులోనే చేసే పనీ ఉంది. అన్నప్రాశన అంటే నోట్లో అన్నం పడాలి. అక్షరాభ్యాసం అంటే బియ్యంలో వేలు పట్టి దిద్దించాలి. సీమంతం అంటే పాపిట తియ్యడం, గాజులు తొడగడం దానికి తోడైన ముచ్చట. ముచ్చట అన్నాను చూశారా, మనం చెప్పుకునే కబుర్లకీ అదే మాట, బిడ్డకి చెయ్యాలని మనసుపడే వేడుకకీ అదే మాట. ఫంక్షన్ అనేసరికి ఇదంతా పోయి హాలూ భోజనాలూ మిగులుతాయి.

మన విశాఖలో ఓడకి కూడా ఈ మర్యాద జరిగింది. 1948 మార్చి 14న సింధియా షిప్‌యార్డులో కట్టిన 'జల ఉష'ని నెహ్రూ గారు నీళ్ళలోకి వదిలారు. దానికి మన పత్రికలు రాసే మాట జలప్రవేశం. గృహప్రవేశం పక్కన పెట్టి చదవండి, అంత ఓడా కొత్త కోడలిలా కుడికాలు పెడుతున్నట్టు లేదూ! 2009 జూలై 26న అణు జలాంతర్గామి అరిహంత్‌కి అప్పటి ప్రధాని భార్య గురుశరణ్ కౌర్ గారు కొబ్బరికాయ కొట్టారు. దొరల దేశాల్లో షాంపేన్ సీసా పగలగొడతారు, మనకి కొబ్బరికాయ. మా ఆయన పనిచేసే స్టీల్‌ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఇనుము కరిగే కొలిమికి అన్నం పెట్టే తల్లి పేరు పెట్టిన వాళ్ళకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

ఇంకో మాట ఉంది, తలుచుకుంటే బాధేస్తుంది. మొక్కుబడి. దేవుడికి మొక్కుకున్నది చెల్లించడం, ఎంత బరువైన మాట! ఇప్పుడు 'మొక్కుబడిగా వచ్చి వెళ్ళారు' అంటే మనసు లేకుండా వచ్చారని. తంతుకీ అదే గతి పట్టింది. మాటలో తప్పేమీ లేదు, మనం చేసే తీరే దానికి అంటుకుంది.

కిందటేడు మా అమ్మాయి ఓణీల వేడుకలో కళ్ళారా చూశాను. అత్తమ్మ పెదాలు కదుపుతూ, మనవరాలి నెత్తిన అక్షింతలు వేసింది. ఫోటో తీసే అబ్బాయి, "మామ్మగారూ, పడలేదు, మళ్ళీ వెయ్యండి" అన్నాడు. ఆవిడ గుప్పిట్లో గింజ లేదు. ఎవరో ఇంకో గుప్పెడు పోశారు. ఈసారి కెమెరా వైపు చూస్తూ వేసింది, పెదాలు కదల్లేదు. ఆల్బంలో ఉన్నది ఆ రెండోదే.

సింహాచలం అప్పన్నకి చూడండి. వైశాఖ శుద్ధ తదియనాడు నిజరూపం చూపించి, ఆ రాత్రి మూడు మణుగుల గంధం పూస్తారు. మళ్ళీ వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకి మూడేసి మణుగులు. అదంతా రోజుల తరబడి సాన మీద చెక్క పెట్టి అరగదీసిన గంధమే. ఆ చేతులకి తొందర పనికిరాదు. అందుకేనేమో, చందనోత్సవాన్ని ఫంక్షన్ అనడానికి ఇప్పటికీ ఎవరికీ నోరు రాదు.

ఇదంతా అత్తమ్మతో చెబుతుంటే మా అమ్మాయి విన్నట్టుంది. పొద్దున్న ఫ్రిజ్ దగ్గరికి వెళితే ఒక్కో కార్డు కిందా పెన్నుతో రాసి ఉంది: చెవులు కుట్టడం, పాపిట తియ్యడం, పాలు పొంగించడం.