రోడ్ల మీద రీసెర్చ్‌కి డబ్బు ఎవరివ్వాలి?

మాది నౌపడ. ఊరి పక్కనే ఉప్పు మడులు, కొంచెం పైకి వెళ్తే ఉద్దానం కొబ్బరి తోటలు, టెక్కలి దగ్గరికి వస్తే 16వ నంబర్ జాతీయ రహదారి. రోడ్డు అనగానే మనకి టెండరు, కాంట్రాక్టరు, టోల్ గేటు గుర్తొస్తాయి. కానీ ఏ మట్టి మీద ఎంత మందం వేయాలో ముందు ఎవరో ఒకరు తేల్చాలి కదా! ఆ తేల్చే పనికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఈ వ్యాసంలో చూద్దాం.

ఒక చిన్న లెక్క

1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో కొత్తగా వేసిన టెస్ట్ రోడ్ల మీద లారీలను గుండ్రంగా తిప్పుతూనే ఉన్నారు. సుమారు 2.7 కోట్ల డాలర్ల ఖర్చు, ఎక్కువ భాగం ప్రభుత్వాల డబ్బే. తేలింది ఏంటంటే, ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకి నష్టం రెండింతలు కాదు, సుమారు 16 రెట్లు. అంటే 2 పవర్ 4. మన ఇంజనీర్లు కూడా రోడ్డు డిజైన్‌లో ఈ లెక్కే వాడతారు. ఖర్చు ఒకరిది, లాభం అందరిదీ.

సీఎస్ఈ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఇది ఓపెన్ సోర్స్ లైబ్రరీ లాంటిది. అందరూ ఇంపోర్ట్ చేసుకుంటారు, రాసినవాడికి జీతం మాత్రం ఎవరూ ఇవ్వరు. పైగా పీఎంజీఎస్‌వై రోడ్డు వేసిన కాంట్రాక్టర్‌కి నిర్వహణ బాధ్యత 5 ఏళ్ళే. 15 ఏళ్ళ తర్వాత ఏమవుతుందో తెలుసుకోవడానికి అతను సొంత డబ్బు ఎందుకు పెడతాడు? అందుకే ప్రజల డబ్బు కావాలి.

మన దేశంలో

ఈ ఆలోచన మనకి కొత్తేం కాదు. 1927లో వేసిన జయకర్ కమిటీ సిఫారసుతో 1929లో పెట్రోల్ మీద గ్యాలన్‌కి 2 అణాల అదనపు పన్ను వేసి రోడ్డు నిధి పెట్టారు. అందులో కొంత భాగం ప్రయోగాలకీ, పరిశోధనకీ ఉంచారు. 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, 1952లో ఢిల్లీలో కేంద్ర రహదారి పరిశోధనా సంస్థ వచ్చాయి. ఇప్పుడు కూడా మనం బండికి పెట్రోల్ కొట్టిస్తే ఆ ధరలో రోడ్ల సెస్ ఉంటుంది.

కొబ్బరి పీచు కథ

ఇది మన ఉద్దానానికి దగ్గర విషయం. మెత్తటి మట్టి మీద కంకర వేస్తే అది మెల్లగా మట్టిలోకి దిగిపోతుంది. మధ్యలో కొబ్బరి పీచుతో నేసిన వల పరిస్తే రెండూ కలవవు, నీళ్ళు మాత్రం బయటికి పోతాయి. కొన్నేళ్ళకి పీచు మట్టిలో కలిసిపోతుంది, అప్పటికి కింది మట్టి గట్టిపడి ఉంటుంది. కాయిర్ బోర్డు, ఐఐటీ మద్రాస్ లాంటి ప్రభుత్వ సంస్థలు దీని మీద పని చేశాక ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ గుర్తింపు ఇచ్చింది. 2020లో కేంద్రం పీఎంజీఎస్‌వై కింద ఏడు రాష్ట్రాల్లో ఇలాంటి రోడ్లు వేస్తామంది. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 164 కిలోమీటర్లు. రీసెర్చ్ లేకపోతే ఆ పీచు తోటలోనే ఉండిపోయేది.

మరి మా ఉప్పు నేల సంగతి?

ఎండాకాలంలో భూమిలోని ఉప్పు నీరు పైకి ఎక్కుతుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు పలచటి తారు పొర కింద స్ఫటికాలుగా పేరుకుని తారుని పైకి పొంగిస్తుంది. అక్కడ పగిలితే వానాకాలంలో గుంటే. నల్లరేగడికి పనికొచ్చిన డిజైన్ ఇక్కడ అలాగే పనికిరాదు. ఢిల్లీ ల్యాబ్ ఒక్కటే దేశంలోని ప్రతి మట్టినీ చూడలేదు. రీసెర్చ్ డబ్బులో కొంత జిల్లాల్లోని ఇంజనీరింగ్ కాలేజీలకి రావాలని, అక్కడి మట్టిని అక్కడి పిల్లలే పరీక్షించాలని నా అభిప్రాయం. రోడ్డు మళ్ళీ మళ్ళీ వేసే ఖర్చుతో పోలిస్తే అది చిన్న మొత్తమే.

సివిల్ బ్రాంచ్‌లో ఎవరైనా ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌కి టాపిక్ వెతుక్కుంటున్నారా? సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు నౌపడ మట్టి ఒక బస్తా నేను తెచ్చిపెడతాను. డేటా అనాలిసిస్ కూడా నాదే.