పోటీకి ముందు ప్రణామం

క్రీడలను గురించి వ్రాసేవారు సాధారణంగా ఆట మొదలైన క్షణం నుంచి వ్రాస్తారు. ఎవరు గోలు చేశారు, ఎవరు తడబడ్డారు, ఎంత తేడాతో గెలిచారు అన్నవాటి చుట్టూనే చర్చ తిరుగుతుంది. ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచినది ఈల మ్రోగక ముందరి పది నిమిషాలను. తరతరాల పోటీ గల రెండు జట్లు మైదానంలోకి దిగబోయే వేళ, ఏనాడో ఆట విరమించిన పెద్దలను ముందుకు పిలిచి, ప్రేక్షకులంతా లేచి నిలబడి వారిని గౌరవించే ఆచారం కొన్ని చోట్ల ఉంది. అది వట్టి ఆర్భాటమా, ఆటలో అంతర్భాగమా అన్నది విచారింపదగిన విషయం.

ఈ ప్రశ్న నాకు గ్రంథాలయంలో పుట్టలేదు. మన మైదానంలోనే పుట్టింది. గత జనవరిలో మన హాకీ జట్టుకూ పొరుగూరి కళాశాల జట్టుకూ పోటీ జరిగిన సాయంత్రం చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. చుట్టూ పొలాల్లో పైరు పచ్చగా ఉంది. సముద్రపు గాలి విసురుగా వీస్తున్నది. తాటి అవతల, గొడుగు మీద ఆనుకొని, ఒక వృద్ధుడు మొదటినుంచి చివరిదాకా నిలుచునే ఆట చూశాడు. విరామ సమయంలో మన వెనుక వరుస ఆటగాణ్ణి దగ్గరకు పిలిచి, "నాయనా, కర్రను గొంతు పిసికినట్టు పట్టుకోవద్దు. తిప్పవలసింది ఎడమచేయి. కుడిచేయి దారి చూపితే చాలు" అన్నాడు. ఆయన ఒకప్పుడు పొరుగూరి జట్టులో పేరుమోసిన ఆటగాడనీ, ఆయన బంతి పట్టుకొని వస్తుంటే మన ఊరి పెద్దల గుండెలు గుబగుబలాడేవనీ మరునాడు తెలిసింది. మేము ఆయనకు కనీసం కుర్చీ వేయలేదు. వేయనివారిలో నేనూ ఒకణ్ణి. తరగతిలో ఈ మాట చెప్పి నొచ్చుకొంటే ఒక విద్యార్థి లేచి, "సార్, ఆయన మన జట్టు మనిషి కాదు గదా!" అన్నాడు. ఆ కుర్రవాడు పొగరుతో అనలేదు, నిజంగా తెలియకనే అడిగాడు. అతనికి ఆనాడు సరియైన సమాధానం చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకొనే ప్రయత్నం.

ముందుగా దూరదేశపు ఉదాహరణ ఒకటి. కెనడాలో హాకీ అంటే మనం నేల మీద ఆడే ఆట కాదు. గడ్డకట్టిన మంచుపలకపై, అడుగున ఉక్కుపట్టీలు బిగించిన బూట్లతో జారుతూ, బంతికి బదులు రబ్బరు బిళ్లను కొడుతూ ఆడతారు. అక్కడి మాంట్రియల్ కెనేడియన్స్ జట్టు 1909 డిసెంబరు 4న ఏర్పడింది. సరిగ్గా నూరేళ్లకు, 2009 డిసెంబరు 4న, ఆ జట్టు శతవార్షికోత్సవం జరుపుకొన్నది. ఆ రాత్రి ప్రత్యర్థి ఎవరంటే, వారికి తరతరాల పోటీదారు అయిన బోస్టన్ బ్రూయిన్స్. ఆటకు ముందు విశ్రాంత క్రీడాకారులు పాత దుస్తులు ధరించి మంచు మీదకు వచ్చారు. తొంభై ఏళ్లు దాటిన ఎల్మర్ లాక్, తొంభై నిండిన ఎమీల్ బుషార్ గార్ల అంకెలు 16, 3లను మరే ఆటగాడికీ ఇవ్వకుండా శాశ్వతంగా పక్కకు పెట్టారు. ఆ తరువాతనే ఆట సాగింది. మాంట్రియల్ 5–1 తేడాతో గెలిచింది. నాకు నచ్చినది విజయం కాదు. గట్టి ప్రత్యర్థి వచ్చిన రాత్రినే ఈ సత్కారానికి ఎన్నుకోవడం నచ్చింది.

ఇది పాశ్చాత్యుల వేడుక, మనకెందుకని అనుకోనక్కరలేదు. కురుక్షేత్రంలో ఇరుసేనలు మోహరించి నిలిచిన వేళ ధర్మరాజు కవచం విప్పి, ఆయుధాలు దించి, కాలినడకన శత్రుసేన వైపు నడిచాడు. తమ్ముళ్లు దిగ్భ్రమ చెందారు. అన్న లొంగిపోతున్నాడేమోనని ఎదుటిపక్షం వారు గుసగుసలాడారు. ఆయన భీష్మునికీ, ద్రోణునికీ, కృపునికీ, శల్యునికీ నమస్కరించి, యుద్ధానికి అనుమతి వేడి, దీవెనలు పొంది తిరిగి వచ్చాడు. యుద్ధం ఆగలేదు, దాని తీవ్రతా తగ్గలేదు. కాని ఎదుటి వరుసలో ఉన్నవారు తనకు విద్య గరపిన పెద్దలని ఆయన మరువలేదు. ఈ భీష్మపర్వాన్ని తెనుగు చేసిన తిక్కన సోమయాజి పదమూడవ శతాబ్దంలో మన నెల్లూరిలో, మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడు. అల్లూరు విద్యార్థికి ఆయన పొరుగువాడే. ఇక కుస్తీ గోదాలోకి దిగే పహిల్వాను మట్టిని కళ్లకద్దుకొని ఉస్తాదుకు సలాము చేయడం ఉర్దూ విభాగపు విద్యార్థులకు నేను చెప్పవలసిన పని లేదు.

ఇప్పుడు హాకీకి వస్తాను. మన దేశంలో ఈ ఆటకు భారత్–పాకిస్తాన్ పోటీని మించిన పోటీ లేదు. చిన్ననాడు ఆ పోటీ ఉన్న రోజున టీ కొట్టు ముందు నిలబడితే ఒకటి రెండు చూపులు నా ముఖం వైపు తిరగడం నేను ఎరుగుదును. ఎవరూ ఏమీ అనరు. గోలు పడినప్పుడు నా చప్పట్లు ఎంత గట్టిగా ఉన్నాయో మాత్రం గమనిస్తారు. ఆ చూపులకు కోపంతో సమాధానం చెప్పే వయస్సు దాటింది. చరిత్రతో చెప్పవచ్చునని ఇప్పుడు అనుకొంటున్నాను.

1936లో బెర్లిన్ ఒలింపిక్స్ హాకీ తుదిపోటీ వాన వలన ఒకరోజు వాయిదా పడి ఆగస్టు 15న జరిగింది. ధ్యాన్‌చంద్ నాయకత్వంలో మన జట్టు జర్మనీని 8–1తో ఓడించింది. ఆ జట్టులో ఆయనతో కలిసి ఆడినవారిలో అలీ ఇక్తిదార్ షా దారా ఒకరు. జట్టు బెర్లిన్ చేరిన తరువాత, బలం చాలదని తోచి, ఆయనను ప్రత్యేకంగా పిలిపించుకొన్నారు. పన్నెండేళ్లు గడిచాయి. దేశం రెండయింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో పాకిస్తాన్ హాకీ జట్టుకు నాయకుడు ఎవరు? ఆ దారా గారే. అదే లండన్‌లో భారత జట్టు తరఫున స్వర్ణపతకం పొందిన అఖ్తర్ హుసేన్, లతీఫుర్ రెహమాన్ గార్లు తరువాత పాకిస్తాన్ చేరి, 1956 మెల్‌బోర్న్‌లో ఆ దేశపు రజతపతకం అందుకొన్నారు. ఆ తుదిపోటీలో వారి జట్టును 1–0తో ఓడించినది భారతే! వీరిలో ఏ ఒక్కరైనా వృద్ధాప్యంలో ఒక భారత్–పాకిస్తాన్ పోటీకి వచ్చి ఉంటే, ఏ పక్షపు గ్యాలరీ లేచి నిలబడవలెను? ఒక్కపక్షమే లేస్తే సగం చరిత్ర కూర్చున్నట్టే గదా.

ఈ పోటీలోని బిగువు కూడా ఆ పుట్టుక నుంచి వచ్చిందే. 1956లో భారత్, 1960 రోములో పాకిస్తాన్, 1964 టోక్యోలో మళ్లీ భారత్, మూడుసార్లూ తుదిపోటీ ఫలితం 1–0. ఒకే బడిలో చదివినవారి నడుమ తేడా అంతకంటె ఎక్కువ ఉండడం కష్టం.

1975 నాటి ప్రపంచకప్పు ముచ్చట ఇంకా గొప్పది. కౌలాలంపూరులో మలేసియాతో జరిగిన సెమీఫైనల్లో మనం 1–2తో వెనుకబడి ఉన్నాం. ఆట ముగియడానికి కొద్ది నిమిషాలే మిగిలినప్పుడు, బయట కూర్చున్న అస్లం షేర్ ఖాన్‌ను లోపలికి పంపారు. ఆయన మెడలోని తాయెత్తును ముద్దుపెట్టుకొని పెనాల్టీ కార్నరును గోలుగా మార్చాడు. అదనపు సమయంలో హర్‌చరణ్ సింగ్ గోలుతో 3–2గా గెలిచాం. మార్చి 15న జరిగిన తుదిపోటీలో పాకిస్తాన్‌ను 2–1తో ఓడించిన గోలు అశోక్ కుమార్‌ది. అశోక్ ధ్యాన్‌చంద్ కుమారుడు. అస్లం తండ్రి అహ్మద్ షేర్ ఖాన్ 1936లో ధ్యాన్‌చంద్‌తో కలిసి బెర్లిన్‌లో ఆడినవాడు. తండ్రులు కలిసి ఆడిన ముప్పైతొమ్మిదేళ్లకు కొడుకులు కలిసి కప్పు తెచ్చారు. ఆ జట్టుకు మేనేజరు మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచి ఆట విరమించిన బల్బీర్ సింగ్ సీనియర్. టీ కొట్టు ముందరి చూపులకు నేను చెప్పదలచిన సమాధానం ఈ ఒక్క జట్టు పట్టిక.

చూపులు మతం చూసే తిరుగుతాయనడం కూడా పొరపాటు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల తుదిపోటీలో మనం పాకిస్తాన్ చేతిలో 1–7తో ఓడిపోయాం. జట్టు నాయకుడు జఫర్ ఇక్బాల్, గోల్‌కీపరు మీర్ రంజన్ నేగీ. అమ్ముడుపోయాడన్న నింద ఆ గోల్‌కీపరు మీద పడింది. దేశం కోసం నిలబడినవాణ్ణి ఒక్క సాయంత్రంలో ద్రోహిగా మార్చేశారు. 2002 మాంచెస్టరు కామన్వెల్త్ క్రీడల్లో మన మహిళల జట్టు స్వర్ణం గెలిచినప్పుడు, ఆ జట్టుకు గోల్‌కీపింగ్ నేర్పినవారు ఆయనే. నడుమ గడిచిన ఇరవై ఏళ్లు ఎవరు తిరిగి ఇవ్వగలరు?

విస్మరణ కూడా నిందవంటిదే. మెల్‌బోర్న్, రోము, టోక్యో మూడింటిలోనూ మన గోలు కాచిన శంకర్ లక్ష్మణ్, సైన్యం నుంచి విరమించి మౌ పట్టణంలో నివసించి, కాలు కుళ్లే వ్యాధితో 2006లో మరణించాడు. ధ్యాన్‌చంద్ 1979 డిసెంబరు 3న ఢిల్లీ ఆసుపత్రిలో కన్నుమూశాడు. విశ్రాంత క్రీడాకారుల కోసం ఆయన పేరిట ఒక పురస్కారం నెలకొల్పినది 2002లో. పురస్కారాలు మంచివే. కాని ఒక ఊరి మైదానంలో వేసే కుర్చీకి ఏ ప్రభుత్వ ఉత్తరువూ అక్కరలేదు.

తెలుగునాట హాకీ లేదనే అపోహ ఒకటుంది. హైదరాబాదు వాడైన నందనూరి ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్ మూడింటిలోనూ భారతదేశానికి ఆడాడు. చిత్తూరు జిల్లా పల్లెటూరి ఆడపిల్ల ఎతిమరపు రజని 2016లో రియో ఒలింపిక్స్‌కు రిజర్వు గోల్‌కీపరుగా వెళ్లింది. అంతకు ముందు తరంలో, హైదరాబాదుకే చెందిన సయ్యద్ మహమ్మద్ హాదీ హాకీతో సహా ఏడు ఆటల్లో ఆరితేరి 'రెయిన్‌బో హాదీ' అనిపించుకొన్నాడు. 2003లో ఆ నగరంలోనే జరిగిన ఆఫ్రో–ఆసియా క్రీడల తుదిపోటీలో భారత్ పాకిస్తాన్‌ను 3–1తో ఓడించింది. ఈ పేర్లు మన విద్యార్థుల్లో ఎందరికి తెలుసునని అడిగితే, క్రికెట్ పేర్లు చెప్పి తప్పించుకొంటున్నారు.

ఇక పాత ఆటగాణ్ణి పిలవడంలో మరొక ప్రయోజనం ఉంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కృత్రిమపు పచ్చిక మీద హాకీ ఆడించారు. నాటినుంచి ఆట వేగం పెరిగింది, కర్రలు మారాయి, ముప్పైఅయిదు నిమిషాల రెండు భాగాలకు బదులు పదిహేను నిమిషాల నాలుగు భాగాలు వచ్చాయి. దూరదర్శినిలో మనం చూసే హాకీ అది. మనం ఆడేది మాత్రం మట్టి మీద. గులకరాయికి తగిలి బంతి ఎటు ఎగురుతుందో, వాన వెలిసిన వారానికి నేల ఎంత పట్టు ఇస్తుందో చెప్పే పుస్తకం లేదు. అది ఆ గొడుగు పట్టుకొన్న వృద్ధుని చేతుల్లో ఉన్నది. ఆయన మన ఆటగాడికి చెప్పిన ఎడమచేతి మాట సాయంత్రానికే పని చేసిందని ఆ కుర్రవాడే నాతో అన్నాడు. ప్రత్యర్థికి పాఠం చెప్పకూడదన్న ఆలోచన ఆ పెద్దమనిషికి రాలేదు.

అయితే సత్కారమనగానే మనకు శాలువలు, వేదిక, వక్తల వరుస జ్ఞాపకం వస్తాయి. వక్త లేచాడంటే అరగంట. అంతలో ఆటగాళ్ల ఒళ్లు చల్లబడి, కండరాలు పట్టేస్తాయి. అటువంటి సత్కారం కంటె అసలు లేకపోవడమే మేలు.

కనుక కళాశాల పాలకవర్గం వారికి నా విన్నపం చాలా చిన్నది. వచ్చే జనవరి పోటీకి పొరుగూరి కళాశాలకు ఆహ్వానపత్రం పంపేటప్పుడు, వారి పాత ఆటగాళ్లలో ఇద్దరిని తోడ్కొని రావలసిందిగా అందులో ఒక వాక్యం చేర్చండి. మన ఊరి పాతవారినీ ఇద్దరిని పిలుద్దాం. నలుగురూ కలిసి ఒకే ద్వారం గుండా లోపలికి రావాలి. వారి పేరు, ఆడిన స్థానం, ఆడిన సంవత్సరాలు మాత్రం మైకులో చదవాలి. ఉపన్యాసం వద్దు. మన నాయకుడు వారి పెద్దలకూ, వారి నాయకుడు మన పెద్దలకూ చేయి కలపాలి. అంతా పది నిమిషాల్లో ముగిసి ఈల మ్రోగాలి. తాటికి ఇవతల, గోలు స్తంభాలు సూటిగా కనిపించే చోట, నాలుగు కుర్చీలు వేయించే బాధ్యత నాకు అప్పగించండి. గొడుగు పట్టుకొన్న ఆ పెద్దమనిషి చిరునామా కనుక్కొన్నాను. ఆహ్వానం నేనే స్వయంగా వెళ్లి అందజేస్తాను. నాతో రావడానికి ఆ ప్రశ్న అడిగిన విద్యార్థి ఒప్పుకొన్నాడు.