మంచం దగ్గరికి రాని భక్తి

ప్రశ్న: మా గల్లీలో పొరుగువాళ్లు ఐదు పూటలా నమాజు తప్పరు. తెల్లవారుజామున ఫజర్ నమాజుకి చిన్నపిల్లలు కూడా లేస్తారు. మా పిల్లలేమో ఆదివారం ఆరాధనకు కూడా లేవరు. మన క్రైస్తవులకు భక్తి తక్కువంటారా?
– ఒక తండ్రి, శాలిబండ

జవాబు: మీ ఇంట్లో ఆదివారం అందరికంటే ముందు లేచేది ఎవరో మీరు రాయలేదు.

ప్రశ్న: మావారు పత్తర్‌గట్టీలో బట్టల షాపులో పనిచేస్తారు. రెండేళ్ల కిందట రక్షణ పొంది తాగుడు మానేశారు. అంతవరకు దేవునికి స్తోత్రం. ఇప్పుడు వారంలో నాలుగు రోజులు కూడికలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలాఖరున ఆల్‌నైట్ ప్రార్థన. మామయ్య పోయారు. అత్తమ్మకు పక్షవాతం వచ్చి ఏడు నెలలుగా మంచంలోనే ఉంది. ఉస్మానియా ఆసుపత్రికి ఫిజియోథెరపీకి తీసుకుపోదామంటే ‘ప్రార్థన చేస్తున్నా కదా’ అంటారు. ఆటోకి పైసల్లేవంటారు గాని, జీతం రాగానే దశమభాగం కవర్లో పెడతారు. గట్టిగా అడిగితే నాకు భక్తి లేదంటారు. నిజంగా నాకే లేదా?
– ఒక సోదరి, ఉప్పుగూడ

జవాబు: మీకు భక్తి లేదన్న మాట ముందు కొట్టేయండమ్మా. అలాగని మీవారిది దొంగభక్తి అని నేననను. సీసా వదిలిన మనిషికి ఆ కూడికలే ఆసరా. సాయంత్రాలు ఖాళీగా ఉంటే పాత స్నేహితులు పిలుస్తారని ఆయనకు తెలుసు. తప్పు ప్రార్థనలో లేదు, భక్తిని గంటల్లో, కవర్లలో లెక్కపెట్టుకోవడంలో ఉంది. క్రైస్తవ చింతనలో భక్తి ఒక సద్గుణం. సద్గుణమంటే మనిషిలో స్థిరపడిన స్వభావం. శుక్రవారం ఉండి శనివారం పోయేది, మందిరంలో ఉండి ఇంట్లో పక్కగదిలో లేకుండా పోయేది సద్గుణం అనిపించుకోదు. ప్రాణమిచ్చిన దేవుని పట్ల ఉండాల్సిన కృతజ్ఞత, ఆ ప్రాణాన్ని కని పెంచిన తల్లి దగ్గరికొచ్చేసరికి ఆవిరైపోతే, అది దేవుని పట్ల కూడా ఇంకా కుదురుకోలేదనే అర్థం.

ఇది నా సొంత బోధ కాదు. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక ఐదో అధ్యాయం తీయండి. అక్కడ నడుస్తున్న విషయం సంఘం పోషించాల్సిన విధవరాళ్లు ఎవరన్నది. ఎవరూ లేనివాళ్లను సంఘం చూసుకోవాలి. పిల్లలో మనవలో ఉన్నవాళ్లను ఆ పిల్లలే చూసుకోవాలి, భక్తిని మొదట సొంత ఇంట్లో చూపడం నేర్చుకోవాలి అంటాడు పౌలు. ఎనిమిదో వచనానికి వచ్చేసరికి, సొంతవాళ్లను పట్టించుకోనివాణ్ని అవిశ్వాసి కంటే కింద నిలబెడతాడు. కారణమూ అక్కడే ఉంది: సంఘం సొమ్ము దిక్కులేనివాళ్లకు మిగలాలి. మీవారు చేస్తున్నది సరిగ్గా దీనికి తలకిందులు. కొడుకున్న తల్లిని దిక్కులేనిదాన్ని చేసి, దిక్కులేనివాళ్ల కోసం పెట్టిన పెట్టెలో కవరు వేస్తున్నారు. దశమభాగం మాటకొస్తే, ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం మూడేళ్లకోసారి తీసే పదో వంతును ఊళ్లోనే ఉంచి లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేని పిల్లలకు, విధవరాళ్లకు కడుపునిండా పెట్టమంటుంది. ఇక మార్కు సువార్త 7వ అధ్యాయంలో కొర్బాను సంగతి మీ ఇంటి కోసమే రాసినట్టుంటుంది. తల్లిదండ్రులకు చేరాల్సినదాన్ని దేవునికి అర్పితమైపోయిందని చెప్పి తప్పించుకునేవాళ్లను ప్రభువు అక్కడ నిలదీశాడు. 13వ శతాబ్దంలో తోమా అక్వినాస్ తన ‘సుమ్మా’ గ్రంథంలో ఇదే ప్రశ్న వేసుకున్నాడు: ఆరాధన పేరు చెప్పి తల్లిదండ్రుల సేవ మానొచ్చా? ఒక సద్గుణం మరో సద్గుణానికి శత్రువు కాదన్నాడు. మన సాయం లేకుండా బతకలేని తల్లిదండ్రుల్ని వదిలి మఠంలో చేరడం కూడా తగదన్నాడు. మఠానికే మినహాయింపు లేనప్పుడు నెలాఖరు ఆల్‌నైట్‌కు ఎక్కడిది?

మీరు అడగని మాట ఒకటి చెప్పాలి. ఏడు నెలలుగా ఆ మంచం దగ్గర ఉన్నది మీరు. ఆయన మోకాళ్లూనే సమయం మీరు బట్టలు ఉతికి, గంజి తాగించి, బెడ్‌పాన్ కడిగి మిగిల్చి పెట్టిందే. మన సంఘాల్లో మగవాళ్ల భక్తిలో చాలా భాగం ఇలా ఆడవాళ్ల చాకిరీ మీద నడుస్తోంది, సాక్ష్యం చెప్పేటప్పుడు మాత్రం ఆ మాట రాదు. విశ్వాసి అయిన స్త్రీకి కూడా ఈ బాధ్యత ఉందని ఆ ఐదో అధ్యాయమే చెబుతుంది, నిజమే. కాని అది మొదట పేరుపెట్టి పిలిచింది కన్నబిడ్డల్ని, మనవల్ని. కోడలు చేస్తోంది కాబట్టి కొడుకు బాధ్యత తీరిందనుకోవడం ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. అయ్యగార్లకూ ఒక మాట. శుక్రవారం ఎవరు రాలేదో మీకు బాగా గుర్తుంటుంది. వచ్చినవాళ్లు ఇంట్లో ఎవరిని వదిలి వచ్చారో కూడా అడగండి.

మీవారు ఎదురు చెప్పకుండా ఉండరు. తనకంటే తల్లిదండ్రుల్ని ఎక్కువగా ప్రేమించేవాడు తనకు తగడని ప్రభువే అనలేదా, యాకోబు యోహానులు తండ్రిని పడవలో వదిలి వెళ్లలేదా అంటారు. వెళ్లారు. కాని జెబెదయి కూలివాళ్లతో పడవలో ఉన్నాడని మార్కు ప్రత్యేకంగా రాశాడు. పని సాగుతోంది, మనుషులు తోడున్నారు. అలా పిలిచిన ప్రభువే సిలువ మీద ఉండి తన తల్లిని శిష్యుడికి అప్పగించాడు. ‘తనకు తగడు’ అన్న ఆ కఠినమైన మాట విశ్వాసానికి అడ్డుపడే ఇంటివాళ్ల గురించి. మీ అత్తమ్మ అడ్డుపడటం లేదు, పక్కకు తిప్పమని అడుగుతోంది. ‘ప్రార్థిస్తే స్వస్థత రాదా, డాక్టరెందుకు’ అన్నది రెండో మాట. పౌలు పక్కనున్న లూకా వైద్యుడే. యాకోబు పత్రిక ఐదో అధ్యాయం కూడా రోగి దగ్గరికి పెద్దలు వచ్చి, నూనె రాసి ప్రార్థించాలంటుంది. అంటే ఆ ప్రార్థన జరగాల్సిన చోటు కూడా మీ అత్తమ్మ మంచమే.

మూడో అభ్యంతరం వీటికంటే గట్టిది: అలాగైతే సేవ చాలు కదా, ప్రార్థన ఎందుకు? ఇది కాస్త చదువుకున్నవాళ్ల నుంచి ఎక్కువగా వస్తుంది. దానికి జవాబు చరిత్రలో ఉంది. 1675లో స్పేనర్ జర్మనీలో మొదలుపెట్టిన భక్తి ఉద్యమాన్ని ఏడుపుగొట్టు ప్రార్థనల గుంపని ఎగతాళి చేసినవాళ్లున్నారు. ఆ గుంపులోని ఫ్రాంకె హాలే పట్టణంలో పేదపిల్లలకు బడి, అనాథలకు ఆశ్రమం కట్టాడు. తెలుగు అక్షరాలు మొట్టమొదట అచ్చయినది కూడా ఆ హాలేలోనే. మద్రాసులో పనిచేసి వెళ్లిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1746లో అక్కడ క్రైస్తవ బోధ పుస్తకాలు తెలుగులో వేయించాడు. మన దగ్గరికే రండి. మెదక్‌లో 1914లో పని మొదలై 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన మందిరాన్ని మిషనరీ పోస్నెట్ కరువు కాలంలో కట్టించాడు. ఆకలితో ఉన్నవాళ్లకు పని దొరికింది, పనితో అన్నం దొరికింది. ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ కుష్ఠు రోగుల కోసం డిచ్‌పల్లిలో 1915లో ఆసుపత్రి పెడితే, దానికి విరాళమిచ్చినవాడు రాజా నర్సాగౌడ్ అనే హిందువు. వీళ్లెవరూ ప్రార్థన మాని సేవకు దిగలేదు, సేవ తప్పించుకోవడానికి ప్రార్థనకూ దిగలేదు. పేతురు రెండో పత్రికలో గుణాలు ఒకదాన్నొకటి పట్టుకుని వరుసగా వస్తాయి. అందులో భక్తి చోటు సహనానికీ సహోదర ప్రేమకూ మధ్యన. ప్రార్థన లేని సేవ కొన్నాళ్లకు విసుగై, ‘నేను ఇంత చేశాను’ అన్న లెక్కగా మిగులుతుంది. మీకిప్పటికే ఆ విసుగు వచ్చి ఉంటుంది, అది పాపమేమీ కాదు, అలసట.

ఇక చేయాల్సిన పని. వచనాలు చూపించి దెబ్బలాడకండి, దెప్పితే ఆయన ఇంకో కూడిక పెంచుకుంటారు. ఇంటి ప్రార్థన మాత్రం అత్తమ్మ మంచం పక్కకు మార్చండి. మందిరానికి రాలేనివాళ్లకు ఇంటి దగ్గరే ప్రభురాత్రి భోజనం ఇస్తారు, అయ్యగారిని అందుకు రమ్మని పిలవమని మీవారికే చెప్పండి. మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పినప్పుడు తుంటి, మడమలు, నడుము కింద ఎర్రబడిందేమో చూడాలి, చెమట తుడవాలి, దుప్పటి ముడతలు లాగి సరిచేయాలి. లేకపోతే పుండ్లు పడతాయి. రాత్రంతా మెలకువగా ప్రార్థించే అలవాటున్న మనిషికి పన్నెండుకీ రెండుకీ నాలుగుకీ లేవడం కొత్తేమీ కాదు. ఆ మూడు వేళలూ ఆయనవి అని చెప్పి, మీరు నిద్రపోండి. జీతం వచ్చిన రోజున ముందు ఆటో ఖర్చు, ఆ తర్వాతే కవరు.

ప్రశ్న: ఇదివరకు ప్రార్థనలో కన్నీళ్లు ఆగేవి కావు. ఇప్పుడు ఒక్క చుక్క రాదు. నా భక్తి చచ్చిపోయిందా?
– బి.ఎడ్. విద్యార్థిని, సంతోష్‌నగర్

జవాబు: లేదు. కన్నీళ్లు వస్తాయి, పోతాయి. అవి రానప్పుడు కూడా వేళకు మోకాళ్లూనుతున్నావంటే, భక్తి అలవాటుగా స్థిరపడుతున్నట్టు. భయపడాల్సింది ఏడుపు ఆగినందుకు కాదు, ఎవరి ఏడుపూ వినబడకుండా పోయినప్పుడు.

ప్రశ్న: మా మిద్దె మీద రాత్రి కూడికలో మైకు సౌండు ఎక్కువైందని పక్కింటివాళ్లు గొడవ పెడుతున్నారు. ఇది సువార్తకు వ్యతిరేకత కాదా?
– ఒక యువజన నాయకుడు, చంద్రాయణగుట్ట

జవాబు: రాత్రి పది దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదన్నది చట్టం, అన్ని మతాలకూ ఒకటే. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమన్నది మత్తయి 6వ అధ్యాయం. రెండూ మీకు వ్యతిరేకంగానే ఉన్నాయి, మైకు కట్టేయండి.