రాత్రి బస్సులో ఏది ఓర్చుకోవాలి, ఏది వద్దు?

ప్రశ్న: ముగ్గురు దోస్తులం బ్యాగులు భుజానేసుకుని వియత్నాం తిరిగొద్దామనుకుంటున్నాం. హోటల్ ఖర్చు మిగులుతుందని మావాళ్లు అన్నీ రాత్రి బస్సులే పెట్టారు. హనోయ్ నుంచి హ్యూ దాకా కూడా బస్సే. నాది ఆరడుగుల ఎత్తు. పైగా బస్సెక్కితే కడుపులో తిప్పుతుంది. జేబీఎస్ నుంచి ఊరికి వచ్చేసరికే నడుం పట్టేస్తుంది. ఎలా ఓర్చుకోవాలి?
- ఒక పాఠకుడు, రాయపోల్, సిద్దిపేట జిల్లా

జవాబు: ముందు ఆ లెక్క మళ్లీ వేయండి. బస్సు తెల్లవారుజామున దింపేస్తుంది, హోటల్ గది మధ్యాహ్నానికి గానీ చేతికి రాదు. నిద్రలేని ఒంటితో ఆ పూటంతా కునికిపాట్లే. మిగిలిందనుకున్న డబ్బుకు ఒక పగలు పోయినట్టు. హనోయ్ నుంచి హ్యూకి రాత్రి రైలుంది, 688 కిలోమీటర్లు. నాలుగు బెర్తుల గది బస్సు కన్నా ఖరీదే. అయినా లేచి నాలుగడుగులు వేయొచ్చు, టాయిలెట్ ఉంటుంది. మీ ఎత్తుకు అదే మంచిదని మీవాళ్లకు గట్టిగా చెప్పండి.

ఇక తప్పని చోట బస్సు. అక్కడి మామూలు స్లీపర్ మన దగ్గరున్నట్టు బల్లపరుపు బెర్తు కాదు. మూడు వరుసలు, రెండంతస్తులు, వెనక్కి వాలే సీట్లు. ఎక్కుతుండగానే చెప్పులు విప్పించి ప్లాస్టిక్ సంచి చేతికిస్తారు. పాదాలేమో ముందు మనిషి తల కింద ఉండే పెట్టెలోకి దూర్చాలి. పొడుగువాళ్లకు ఆ పెట్టె చాలదు, రాత్రంతా మోకాళ్లు మడిచే ఉంచాలి. రెండు వరుసలే ఉండే క్యాబిన్ బస్సులు కొంత నయం. టికెట్ కొనేముందు లోపలి ఫొటో చూపించమనండి.

కడుపులో తిప్పే వాళ్లకు బస్సు మధ్యలో కింది బెర్తు కావాలి. వెనక చక్రాల మీదికి పోవద్దు. వాంతుల మాత్ర మన డాక్టర్నడిగి ఇక్కడి నుంచే తీసుకెళ్లండి. బస్సు కదిలాక కాదు, ముందే వేసుకోవాలి. అది మత్తు కలిగిస్తుంది, ఆ రాత్రి బీరు ముట్టొద్దు. టాయిలెట్‌కు భయపడి నీళ్లు మానేయకండి. గంటల తరబడి కదలకుండా ఉంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. పడుకునే మడమలు ఆడిస్తుండండి, ఆగిన ప్రతిచోటా దిగండి. ఏసీ చలికి ఒక దుప్పటి, ఒంటిమీద పాస్‌పోర్టు.

ఇవన్నీ ఓర్చుకునేవి. ఓర్చుకోకూడనిది ఒకటుంది. 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు కాలిపోయి 45 మంది పోయారు. 2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మళ్లీ అదే ఘోరం. రెండూ తెల్లవారకముందే, జనం నిద్రలో ఉండగానే. ఏ దేశమైనా సరే, బెర్తు దగ్గరికి చేరగానే అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో, అత్యవసర ద్వారం ఎటుందో చేత్తో తాకి చూడండి. నడిచే దారిలో సామాను పేర్చినా, డ్రైవర్ తాగి ఉన్నాడనిపించినా దిగిపోండి. టికెట్ డబ్బు పోతే పోనీ.

ప్రశ్న: మా బిడ్డ థాయిలాండ్‌లో బ్యాంకాక్ నుంచి చియాంగ్‌మైకి రాత్రి బస్సులో ఒక్కతే పోతానంటోంది. నాకు నిద్ర పట్టేట్టు లేదు.
- ఒక తల్లి, రాయపోల్

జవాబు: మీ భయం అర్థమవుతోందమ్మా. వద్దనే బదులు నాలుగు మాటలు చెప్పి పంపండి. ఆడవాళ్ల పక్కన సీటు అడగమనండి. బస్సు నంబరు ఫొటో, లొకేషన్ మీకు పెట్టమనండి. చీకట్లో దిగితే వెలుగొచ్చేదాకా బస్టాండులోనే, నలుగురున్న చోట కూర్చోమనండి. అక్కడి టూరిస్ట్ పోలీసు నంబరు 1155 ఫోన్లో పెట్టుకోమనండి. రాత్రంతా మీరు ఫోన్లు చేస్తే ఆమె ఫోన్ చార్జింగ్ అయిపోతుంది, అవసరానికి ఉండదు. దిగగానే ఒక్క ఫోన్ చాలు. అక్కడ ఉదయం ఆరైతే మనకు నాలుగున్నర, అలారం ఆ లెక్కన పెట్టుకోండి.