ఓలెసున్ పట్టణ దహనం – తాండూరు బండ

వికారాబాదు దాటి తాండూరు చేరేవారికి పేర్చిపెట్టిన బండలు కనబడకుండా ఉండవు. మన పాత ఇండ్లలో నేలకు బండ, గోడకు బండ, కప్పుకు కూడా బండే. ఈ రాయి విలువ తెలియాలంటే ఒకసారి నార్వే దేశం పోయి రావాలి.

ఆ దేశపు పశ్చిమ తీరంలో ఓలెసున్ అనే చిన్న రేవు పట్టణం ఉంది. చేపలే దాని జీవనాధారం. అడవుల దేశం గనుక ఇండ్లన్నీ కట్టెతో, ఒకదానినొకటి ఆనుకొని కట్టుకున్నారు. 1904 జనవరి 23 తెల్లవారుజామున రెండు గంటలు దాటాక ఒక చేపల డబ్బాల ఫ్యాక్టరీలో నిప్పు రాజుకుంది. ఆవు తన్ని కాగడా పడిందని ఒక కథ చెప్తారు. 1871లో షికాగో తగలబడినప్పుడూ నేరం ఆవు మీదికే నెట్టారు. పాపం, 1997లో గాని అక్కడి నగరసభ దానిని నిర్దోషిగా తేల్చలేదు!

ఓలెసున్‌లో అసలు దోషి తుఫానుగాలి. నిప్పు ఇల్లు మారడానికి మూడు దారులు: మంట నేరుగా తాకడం, ఎదుటి గోడ వేడికి తానే అంటుకోవడం, గాలికి నిప్పురవ్వలు ఎగిరిపడటం. ఆ రాత్రి మూడూ కలిశాయి. సుమారు 850 ఇండ్లు బూడిదయ్యాయి. 10,000 మంది చలికాలంలో వీధిన పడ్డారు. చనిపోయింది మాత్రం ఒక్కరే. బయటపడ్డాక డబ్బుసంచి కోసం మళ్ళీ లోపలికి పోయిన ముసలమ్మ.

జర్మనీ చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ ఓడలలో ఆహారం, మందులు, ఇల్లు కట్టే సామాను పంపించాడు. మూడేండ్లలో ఊరు రాతితో, ఇటుకతో మళ్ళీ లేచింది. పట్టణాలలో కట్టె ఇండ్లు కట్టరాదని నార్వే చట్టం చేసింది కూడా ఆ 1904లోనే.

మరి తాండూరు బండ సంగతి? అది సున్నపురాయి, మండదు. కాని సుమారు 900 డిగ్రీల వేడిలో బొగ్గుపులుసు వాయువును విడిచి సున్నమవుతుంది. మన సున్నపు బట్టీలలో జరిగేదీ అదే. అంతకు చాలా ముందే పగుళ్ళు వస్తాయి. కింది కట్టె దూలం కాలితే బండ నెత్తిన పడుతుంది. రాతిగోడ పక్కింటిని కాపాడుతుందే గాని దుకాణంలోని బట్టలను, ప్లాస్టిక్కును, నూనె డబ్బాలను కాపాడలేదు.

పైగా మన బజార్లలో రాతి దుకాణాల ముందు కట్టె చట్రాలు, టార్పాలిన్ పందిళ్ళు వేసి, వాటి మీదుగానే కరెంటు తీగలు లాగుతున్నాము. రెండు వైపుల పందిళ్ళు నడివీధిలో కలుసుకున్నచోట ఫైరింజను పోనే పోదు. నిప్పు మాత్రం ఇటునుంచి అటు దాటిపోతుంది.